పిలిస్తే వచ్చే ఫంక్షన్

కవిటి నిరంజన్‌కి ఉద్యోగం ఫంక్షన్లతోనే, తిండీ ఫంక్షన్లలోనే. కంప్యూటర్‌కి టైపు చేసి ఆజ్ఞలిచ్చే షెల్ అనే ప్రోగ్రాములో ఫంక్షన్లంటే పేరు పెట్టి దాచుకున్న ఆజ్ఞల మూటలు. వాటిని చూపించడానికీ, కాపీ చేయడానికీ, చెరిపేయడానికీ అందులోనే ఒక సాధనం ఉంటుంది. అది సరిగ్గా పనిచేస్తోందా లేదా అని ఇంట్లో కూర్చుని పరీక్షించడం అతని పని. ఇక ఉద్దానంలో ఎవరింట ఓణీల ఫంక్షన్ జరిగినా తొలి బంతిలో విస్తరి ముందు ఉండేదీ అతనే.

ఆ రోజు మేనమామ తారకేశ్వరరావు గడప తొక్కేసరికి నిరంజన్ ఫోన్లో ఆ సాధనం తయారుచేసినవాళ్ల మీద ఎగిరిపడుతున్నాడు.

"ఆ ఫంక్షన్ చెరిపేశానండీ! లిస్టులో కూడా లేదు. అయినా పేరు పెట్టి పిలిస్తే సిగ్గులేకుండా వచ్చేస్తోంది!"

ఫోన్ పెట్టేశాక మామ అడిగాడు. "ఎవులింట్లోదిరా ఆ ఫంక్షను?"

"కంప్యూటర్లోది మావా. తీసీసినా వచ్చేత్తంది. అదే దాని తప్పు."

"పిలిత్తేనే కదేటి వచ్చింది? మరియాదున్నదే," అన్నాడు మామ. "మొన్న మా పిల్ల ఓణీల ఫంక్షను ఆపీసినామని నీకు ఫోన్ సేసి మరీ సెప్పినాను. నువ్వు పిలవకుండానే వచ్చీసి, మేం తినడానికి వండుకున్న పనసకాయ కూరంతా ఊడ్సీసినావు. ఆ డబ్బాలో నిన్ను సెరిపీసేదేటైనా ఉంటే సూడు."