కప్పు దింపిన వేసవిలో మా వదిన

మా వదిన పోయిందన్న కబురు ఎస్టీడీ బూత్ ఆయన గేటు దగ్గరే నిలబడి చెప్పాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "బాపట్ల నుంచి ఫోనండి. మీ ఆడపడుచుగారు తెల్లారగట్ట పోయారంట. సాయంత్రం సమాధి చేస్తారంట, వెంటనే రమ్మన్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను అప్పుడు చేటలో బియ్యం ఏరుకుంటున్నాను. చేట కింద పెట్టాను. మళ్ళీ తీసుకుని ఇంకో గుప్పెడు ఏరాను. ఆ చేతులతో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

మా ఆయన అప్పటికే లేరు, ఒక్కదాన్నే బయల్దేరాను. రేపల్లె నుంచి తెనాలి దాకా ఒక బండి, తెనాలిలో దిగి బాపట్లకు ఇంకో బండి. తెనాలి ప్లాట్‌ఫారం మీద కూర్చోలేకపోయాను. ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను. బండి ఆలస్యమైతే ఎలా? నేను వెళ్ళేసరికి తీసుకుపోతే ఎలా? ఇంటికి తాళం వేశానా? పొయ్యి ఆర్పానా? ఇలాంటివన్నీ చెప్పుకోవడానికి నాకు ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషిని ఆఖరిసారి చూడడానికే నేను ఆ బండి కోసం నిలబడి ఉన్నాను.

మా వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే, బాపట్లలో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. సెలవులిస్తే మా ఇంటికి వచ్చేది. చెప్పులు విడిచి, వాటి మొహాలు వీధి వైపుకు తిప్పి పెట్టేది. "ఎప్పుడు పొమ్మంటాడో మా తమ్ముడు, వెతుక్కునే పని లేకుండా" అని మా ఆయన్ను ఉడికించేది. టీ సాసర్లో పోసుకుని, అది చల్లారేలోపు ఇల్లంతా ఒక్క చూపులో చూసేసేది. ఆవిడ చేతులు ఊరికే ఉండగా నేను చూడలేదు. మాట్లాడుతూ మునగాకు దూసేది, ప్రార్థన కూటం నుంచి వస్తూ దారిలో పడిన పుల్లలు ఏరుకొచ్చేది.

నేను భయస్తురాలిని. మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే. నా పుట్టిల్లు అడవులదీవి. సముద్రం ఇంట్లోకి రావడం కళ్ళారా చూసినదాన్ని. గాలి వీస్తే ఒక భయం, గాలి ఆగిపోతే ఇంకో భయం. నా వాళ్ళందరూ "ఊరికే భయపడకు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇంకాస్త ఎక్కువవుతుంది. మా వదిన ఎప్పుడూ అలా అనలేదు. "భయపడితే పడ్డావు గానీ, నోటితో పడవే. లోపల పడితే ఎవరికి ఉపయోగం?" అనేది. నేను ఒకటి చెబితే "ఊఁ, ఇంకా?" అనేది. రెండోది చెబితే మళ్ళీ "ఇంకా?" అనేది. అలా అడిగి అడిగి, చివరికి నా దగ్గర ఏమీ మిగలకుండా చేసేది. ఆ కాస్సేపు నా ఒళ్ళు తేలికగా ఉండేది.

ఆవిడ గురించి చెప్పాలంటే మా ఇంటి కప్పు గురించి చెప్పాలి. ఎనభైల నాటి మాట. మా ఆయన రైసు మిల్లులో గుమాస్తా. మాది మట్టి గోడల ఇల్లు, తాటి వాసాల మీద నాటు పెంకు. ప్రతి ఏడూ వానలకు ముందు పెంకు సర్దించేవాళ్ళం, ప్రతి ఏడూ కారేది. ఆఖరికి వాసాలు చెదపట్టి, కూర్చుని అన్నం తింటుంటే కంచంలో పొట్టు రాలేది. నేను కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తినేదాన్ని. తల ఎత్తి చూస్తే ఏ వాసం ఎప్పుడు విరుగుతుందోనని గుండె దడ. కప్పంతా దింపేసి బెంగుళూరు పెంకు వేయిద్దామని మా ఆయన అనడం, ఆగిపోవడం. ఏడాది గడిచేది. ఎందుకు ఆగిపోతున్నారో నాకు తెలుసు, ఆయనకు తెలుసు, పైకి మాత్రం ఎవరం అనలేదు. మా అత్తయ్య మంచాన పడి ఉంది. ఆవిడ మంచం నడిమి గదిలో, సరిగ్గా ఇంటి దూలం కింద. మంచంలో మనిషిని పెట్టుకుని నెత్తిన కప్పు ఎలా పీకుతాం?

ఆ వేసవి సెలవులకు వదిన వచ్చింది. సాసర్లో పొట్టు పడింది. వేలితో తీసి చూసి, "మేస్త్రీని పిలిపించరా" అంది.

చుండూరు వైపు నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. ఇల్లంతా తిరిగి, గోడ మీద అరచేత్తో కొట్టి, "గుత్తకి మాట్లాడేసుకుందామండి. పెంకు, కర్ర, కూలి అన్నీ నావే. మీరు ఇంకేం చూసుకోనక్కర్లేదు" అని ఒక అంకె చెప్పాడు. అది మా ఆయన అనుకున్నదానికన్నా తక్కువ. ఆయన మొహం వెలిగిపోయింది.

వదిన గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది. "అమ్మాయ్, ఇలా రా. నీ భయాలేంటో మేస్త్రీగారికి చెప్పు" అంది.

"దాన్నెందుకు కదుపుతావక్కా? పొద్దుగూకిపోద్ది" అన్నారు మా ఆయన.

"గూకనీరా. ఆయనేమన్నా బండెక్కాలా?"

నేను చెంగు వేలికి చుట్టుకుంటూ మొదలుపెట్టాను. "దింపేటప్పుడు పాత పెంకులు పగిలిపోతాయేమోనండి. మంచివి ఏరి వసారాకి వేద్దామన్నారు మా వారు."

"ఏరాలంటే మెల్లగా దింపాలమ్మా. ఆ కూలి వేరు" అన్నాడు మేస్త్రీ.

"ఊఁ, ఇంకా?" అంది వదిన.

"దూలం లోపల కూడా చెద ఉంటేనో?"

"ఉంటే మార్చాల్సిందే. గుత్తలో దూలం లేదండి, వాసాలే."

"ఇంకా?"

"తెనాలి నుంచి పెంకు లారీలో వస్తుందన్నారు. లారీ మా సందులోకి రాదు కదండీ?"

"మలుపు దగ్గర దింపుతారు. అక్కణ్ణుంచి మోయించుకోవడం మీదేనమ్మా."

"చూశావట్రా?" అని వదిన తమ్ముడి వైపు తిరిగింది. "ఎక్కించే ఖర్చు అడగకపోయినా చెబుతారు. దింపే ఖర్చు అడిగితేనే చెబుతారు. ఊఁ, ఇంకా ఏంటే?"

"వానొస్తే?" అన్నాను. "మట్టి గోడలండి. నెత్తిన కప్పు లేకుండా తడిస్తే కరిగిపోతాయి. ఇల్లే ఉండదు."

మేస్త్రీ నవ్వాడు. "మండుటెండల్లో వానేంటమ్మా!"

"నవ్వొద్దు నాయనా. వానొస్తే గోడల మీద ఏం కప్పుతావు? ఆ కప్పేది ఎవరిది?" అంది వదిన.

అతను నవ్వు ఆపాడు. "పట్టాలు మీవేనండి."

ఇంకా నా దగ్గర ఒకటుంది. నోరు రాలేదు. వదిన మునగాకు పక్కన పెట్టి నా వైపే చూస్తోంది. "అత్తయ్య మంచం ఎక్కడ వేస్తాం?" అన్నాను.

లోపల్నుంచి అత్తయ్య గొంతు వినపడింది. "నేను ఇంకోళ్ళ పంచలో పడుకోను."

వదిన లేచి లోపలికి వెళ్ళింది. "అమ్మా, నువ్వు పోయాక దింపుదామని ఆగుతున్నాడు నీ కొడుకు. ఎప్పుడు పోతావో చెప్పు, మేస్త్రీగారు కాచుకుని ఉన్నారు" అంది. మా ఆయన మొహం పాలిపోయింది. "చెప్పను. కాచుకోమను" అంది అత్తయ్య. తర్వాత తల్లీ కూతుళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. మా ఆయన మాత్రం గోడ వైపు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు తేలింది. కప్పు ఒక్కసారిగా దింపకూడదు. ముందు వంటిల్లు, పడమటి గది దింపి పెంకు వెయ్యాలి, తర్వాత మంచం ఆ గదిలోకి మార్చి నడిమి గది దింపాలి. ఒక పని రెండు పనులవుతుంది, కూలి కూడా అంతే. అన్నీ కలిపి మేస్త్రీ మళ్ళీ చెప్పిన అంకె విని మా ఆయనకు కోపం వచ్చింది. "తగ్గిస్తావని పిలిస్తే పెంచావేంటక్కా!"

"పెంచలేదురా. ఉన్నదే బయటికొచ్చింది. ఇప్పుడు చూసుకుంటావా, సగం గోడల మీద వాసాలెక్కాక చూసుకుంటావా?"

ఆ మాట ఊరికే అనలేదు. సంగం జాగర్లమూడిలో మా చెల్లెలు వాళ్ళు అలాగే గుత్త మాట నమ్మి మొదలుపెట్టి, మధ్యలో చేతిలోది అయిపోయి, ఒక వానాకాలమంతా వాసాల మీద తాటాకు పరుచుకుని పిల్లలతో అల్లాడారు. ఆ సంగతి మా ఆయనకూ తెలుసు. ఆ సాయంత్రం కూర్చుని ఏది మానుకోగలమో చూసుకున్నాం. వసారాకు కొత్త పెంకు మాట వదిలేశాం, తలుపులు మార్చాలన్నది వదిలేశాం. మిల్లులో ధాన్యం మీద కప్పే పట్టాలు అడిగి తెస్తానని ఆయనే అన్నారు. అప్పుడు పని మొదలైంది.

వంటిల్లు, పడమటి గది ఏ తంటా లేకుండా అయిపోయాయి. అత్తయ్య మంచం పడమటి గదిలోకి మార్చాం. నడిమి గది కప్పు దింపేశారు. ఆ గది గోడలు అత్తయ్యవి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు మామయ్యతో కలిసి ఆవిడే మట్టి తొక్కి పెట్టిన గోడలు. ఇల్లు అంటే ఆవిడకు ఆ నాలుగు గోడలే. అవి ఆకాశం కింద బోసిగా నిలబడి ఉంటే నాకు అన్నం దిగలేదు. పొద్దుటి నుంచి సముద్రం వైపుకే చూస్తూ తిరిగాను. కూలివాళ్ళు నన్ను చూసి, "అమ్మగారు వానని పిలుస్తున్నారేంటి?" అని ఎగతాళి చేశారు.

వాళ్ళు అన్నాలకు వెళ్ళారు. గాలి దుమ్ము లేపింది. తూర్పున కాకుండా పడమట నల్లబడింది. నేను ఉన్నచోటే నిలబడిపోయాను. వదిన అప్పటికే పట్టా చివర పట్టుకుని గోడకు వేసిన నిచ్చెన ఎక్కుతోంది. "నిలబడి భయపడకే, పట్టుకుని భయపడు! ఆ కొస ఇటు లాగు!" అంది. లాగాను. మా ఆయన మిల్లు నుంచి సైకిల్ మీద వచ్చి మూడో గోడ పట్టుకున్నారు. వాన రాళ్ళు విసిరినట్టు పడింది. వీధి వైపు గోడ మీది పట్టా గాలికి లేచిపోయింది. ఆ గోడ నెత్తి మా కళ్ళ ముందే బెల్లంలా కరిగి జారింది. వదిన చీర విప్పినంత పనిచేసి పైట కొంగు తీసి దాని మీద కప్పబోయింది. కొంగుతో గోడ ఆగుతుందా? ఆగదని ఆవిడకు తెలియదా? అయినా రెండు చేతులతో అదిమిపట్టుకుని, వాన వెలిసేదాకా దిగలేదు.

పడమటి గదిలోంచి అత్తయ్య అరుస్తూనే ఉంది. "ఏ గోడ? ఏ గోడ పోయింది?"

"వీధి గోడమ్మా! నెత్తి కాస్త జారింది. తక్కిన మూడూ ఉన్నాయి!"

"నువ్వు జారకే!" అంది అత్తయ్య.

ఇల్లంతా ఒక్కసారిగా విప్పి ఉంటే ఏమయ్యేదో మేస్త్రీ చెప్పక్కర్లేకపోయింది. అతను వచ్చి, తల గోక్కుంటూ, తడిసిన గోడ చూసి, నాతో మాత్రం అన్నాడు, "ఇంకేమన్నా భయముంటే చెప్పండమ్మా." ఆ మర్నాడు వదినే మట్టి తొక్కింది. మేస్త్రీ వద్దన్నా వినకుండా జారిన గోడ నెత్తి తన చేతుల్తోనే పెట్టింది.

నేను బాపట్ల చేరేసరికి వదినను ఇంకా తీసుకుపోలేదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. హాస్టల్ పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఒక పిల్ల నా పక్కన ఏడుస్తూ, "పరీక్షలప్పుడు వంటింట్లో కూర్చోబెట్టి, భయాలన్నీ చెప్పించుకునేవారు ఆంటీ. ఇంకా, ఇంకా అని అడిగేవారు" అంది. ఆ మాటకు నాకు నిజంగా అసూయ కలిగింది. అది నాకొక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాసేపటికి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

ఇప్పుడు మా అబ్బాయి పెంకు దింపేసి డాబా వేద్దామంటున్నాడు. వాడూ ఒక అంకె చెప్పాడు. వాడు చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మట్టి గోడలు డాబా మొయ్యవు కదా, అంటే గోడలు కూడా దింపాలి కదా, ఆ మాట వాడు అనడం లేదు. నేను అడగాలి. వాడు విసుక్కుంటాడు. విసుక్కున్నా సరే, అందరి ముందూ గట్టిగానే అడుగుతాను.

ఇది రాయడానికి కూర్చున్నప్పటి నుంచి నా కళ్ళ ముందు ఆడుతున్నది ఒక్కటే. కొత్త వాసాలు ఎక్కించారు, పెంకు ఇంకా వెయ్యలేదు. ఆ పొద్దున అత్తయ్య తన గదిలోకి తీసుకుపొమ్మని పట్టుబట్టింది. మంచంతో సహా మోసుకొచ్చి నడిమి గదిలో దింపాం. గడప దాటి ఏళ్ళయిన మనిషి, తన గోడల మధ్యే పడుకుని ఆకాశం చూసింది. వాసాల నీడలు ఆవిడ తెల్ల చీర మీద చారలు చారలుగా పడ్డాయి. వదిన మంచం పక్కన కింద కూర్చుని, మట్టి ఇంకా వదలని వేళ్ళతో తల్లి జుట్టు చిక్కు తీస్తోంది. కొంగలు ఒక బారుగా మా ఇంటి మీదుగా పోయాయి. అత్తయ్య చెయ్యి పైకెత్తి చూపించింది. వదిన కూడా తలెత్తింది. ఇద్దరూ ఒక్కలాగే నోరు తెరుచుకుని, అవి కనిపించినంత మేరా చూస్తూ ఉండిపోయారు.