వేడినీళ్ల కథలో రెండో సగం

సబ్బవరం దారిలో నేను ఉద్యోగం చేసే కోల్డ్ స్టోరేజీలో, ఆడవాళ్లు చేతులు కడుక్కునే చోట ఈమధ్య గీజరు బిగించారు. మొదట నన్నే కుళాయి తిప్పమన్నారు. వేడినీళ్లు వేళ్ల మీద పడగానే సరుగుడు పుల్లల పొగ గుర్తొచ్చింది. ఈ నీళ్లకు మాత్రం ఏ వాసనా లేదు. ప్యాకింగ్‌లో పనిచేసే రమణమ్మ పక్కనే నిలబడి, "నీళ్లు బాగున్నాయి మేడం. మరి జీతాలు పెంచుతామన్నారు, అదేటయింది?" అంది. నేను చేతులు తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నాను. ఆ గీజరు రావడానికీ, జీతాల మాట వెనక్కి పోవడానికీ నేను చెప్పిన ఒక కథే కారణం. ఆ కథ పైడమ్మది.

పైడమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. రాంబిల్లి వైపు ఆమెకు రొయ్యలు ఒలిచే షెడ్డు ఉండేది. ఒకప్పుడు తలమీద గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి. డిగ్రీ అయ్యాక నేను మొదట ఉద్యోగం చేసింది ఆమె దగ్గరే. అనకాపల్లి నుంచి బస్సులో వెళ్లి కూలి లెక్కలు రాసేదాన్ని. అందరూ ఆమెను, అక్కను పిలిచినట్టు, అప్ప అనేవారు. కొన్నాళ్లకు నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

రొయ్యలు ఐసులో ఉంటాయి. పొద్దున్నుంచి ఒలిచేసరికి వేళ్లు నీలంగా మారి, స్పర్శ పోతుంది. పెంకు ముళ్లు గుచ్చుకున్నా తెలియదు. మధ్యాహ్నం అన్నాల వేళకు పైడమ్మ స్వయంగా రాగి కాగు కింద సరుగుడు పుల్లలతో మంట పెట్టి, ఉప్పూ పసుపూ వేసిన నీళ్లు కాచేది. ఒక్కొక్కరినీ పిలిచి చేతుల మీద చెంబుతో పోసేది. వేళ్లు కదిలించి చూపిస్తే గాని అన్నం దగ్గరకు పోనిచ్చేది కాదు. "సెయ్యి సచ్చినట్టుంటే ముద్ద రుసేటి తెలుత్తాదే?" అనేది. మొదటి రోజు నేను దూరంగా నిలబడితే లక్ష్మి అనే ఆవిడ అందుకుంది: "అప్పా, ఆ కలెక్టరమ్మ సేతుల మీద కూడా రెండు సెంబులు పొయ్యి. కలం పట్టి పట్టి గడ్డకట్టుకుపోయినాయి." అందరూ నవ్వారు. పైడమ్మ నిజంగానే పోసింది.

ఆ తర్వాత రోడ్డు మీద పెద్ద కంపెనీ ఒకటి వచ్చింది. కూలి ఎక్కువ, రానూపోనూ బస్సు. మా షెడ్డు ఖాళీ అవుతుందని భయపడ్డాను. ఒక్కరూ వెళ్లలేదు. అందరికన్నా చురుగ్గా ఒలిచే లక్ష్మి కోసం ఆ కంపెనీ మనిషి ఇంటికే వచ్చి అడిగాడట. "ఆడికెల్తే నా సేతుల మీద నీళ్లెవుడు పోత్తాడు?" అంది మాతో. "నీ మొగుడు లేడేటే?" అని ఎవరో అంటే, "ఆడా? ఆడికే నేను పొయ్యాల" అంది. పైడమ్మ ముఖంలో గర్వం దాచినా దాగలేదు.

జీతాల పెంపు గురించి పెట్టిన మీటింగులో నేను మా యాజమాన్యానికి చెప్పింది ఇంతవరకే. మనుషులు జీతం కోసమే ఉండరు, ఆదరణ కోసం ఉంటారు అన్నాను. చప్పట్లు కొట్టారు.

కథ అక్కడ ఆగలేదు. కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం నీళ్లు పోస్తూ పైడమ్మ చెంబు ఆపింది. ఆమె ముందున్న చేతులు కొత్తవి. చూపుడువేలికి ఇంకు మరక ఇంకా పోలేదు.

"ఈ సెయ్యెవులిది?"

"మా పెద్ద గుంటప్పా" అంది లక్ష్మి, కూతురి భుజం మీద చెయ్యి వేసి. "కాలేజీ మానిపించేసేను. దానికి పెట్టడానికి సాలట్లేదు."

"మరి ఆ కంపెనీకి ఎందుకెల్లలేదే?"

"నువ్వింత బాగా సూత్తన్నావు. నిన్నొదిలి ఎలాగెల్తాను? సిగ్గు కాదేటి?"

పైడమ్మ చెంబు కాగులో వదిలేసి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమె సిగ్గుపడడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. తర్వాత కొంగు తీసి, "సిగ్గు నాకే. నీళ్లు పోసి నిన్ను రాటకి కట్టేసేను" అంది. "రేపట్నుంచి నువ్వు ఆడికెల్లు. అంత కూలి నేనిచ్చుకోలేను. గుంటని కాలేజీకి పంపు."

లక్ష్మి ఏడ్చింది. పైడమ్మ మెత్తబడలేదు. "నీళ్లు నీళ్లే, కూలి కూలే. ఒకదాని కింద ఇంకోటి జమ కట్టీకూడదు" అని, మిగిలినవాళ్ల వైపు తిరిగి, "ఎల్లాలనున్నోలు ఎల్లండి, నాకేటీ కోపం లేదు" అంది. లక్ష్మితోపాటు కొందరు వెళ్లారు. షెడ్డు చిన్నదైంది. అయినా పైడమ్మ కాగు కింద మంట మానలేదు. సెలవు రోజుల్లో లక్ష్మి వచ్చి కబుర్లాడి, చేతులు చాపి నీళ్లు పోయించుకుని వెళ్లేది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే సగం చెప్పాను. పూర్తిగా చెబితే చప్పట్లు ఉండవని కూడా తెలుసు. జీతాల పెంపు వచ్చే ఏడాది చూద్దామనీ, ఈలోగా గీజరు పెడదామనీ వాళ్లు తేల్చినప్పుడు నన్నే మెచ్చుకున్నారు. చనిపోయిన మనిషి పేరు చెప్పి, ఆమె ఏ పనికి సిగ్గుపడిందో ఆ పనే నేను చేశాను.

రమణమ్మ అడిగిన మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్లి మిగతా సగం చెప్పాను. ఆయన చివరిదాకా విని, "ముందే చెప్పాల్సింది కదమ్మా" అన్నారు. జీతాల సంగతి ఇంకా తేలలేదు. రమణమ్మకు ఆ మాటే చెప్పాను. వేరేచోట ఎక్కువ ఇస్తామంటే మొహమాటపడొద్దని కూడా చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది. "మీరే ఎల్లమంటన్నారేటి మేడం?" అంది.

ఇప్పుడు గీజరు కుళాయి తిప్పినప్పుడల్లా ఎదురుగా పైడమ్మ కూర్చున్నట్టే ఉంటుంది, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని. నీళ్లు మాత్రం వెచ్చగానే వస్తున్నాయి.