సింహాల తలుపు దగ్గర నేనిచ్చిన జవాబు

ఆ పార్కులో మొదటిరోజు నాకు నేర్పింది సింహాలకు మాంసం వేయడం కాదు, తాళం లాగి చూడటం.

వెల్లింగ్టన్ నుంచి కొండలు దాటి గంటన్నర వెళితే గొర్రెల పొలాల మధ్య ఉండేది ఆ పార్కు. ఇప్పుడు లేదు, మూసేశారు. రెండువేల దశకం మధ్యలో నా చదువు పూర్తయింది. చదివిన చదువుకు ఉద్యోగం దొరకలేదు. వర్క్ వీసా ఇప్పించే యజమాని ఎవరైనా చాలు అనుకుంటున్న రోజుల్లో అక్కడ పని దొరికింది. మాంసం కోయడం, బకెట్లు కడగడం, కీపర్‌కు రెండో మనిషిగా నిలబడటం నా పనులు.

కీపర్ యాభై దాటిన కివీ ఆవిడ, అంటే ఆ దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ పార్కు సింహాలతోనే ఉంది, నేను చేరేసరికి ఐదు మిగిలాయి. పార్కు వెనక చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. పండగైనా వానైనా పొద్దున్నే తాళాల గుత్తి నడుముకు కట్టుకుని వచ్చేది. ఆ గుత్తి లేకుండా ఆవిడను నేను చూడలేదు.

పద్ధతి ఇది. పొద్దున మాంసం చూపించి ఒక్కో సింహాన్ని దాని ఆరుబయటి ఆవరణలోంచి గదిలోకి పిలవాలి. అది లోపలికి రాగానే గొలుసు వదిలితే పైనుంచి ఇనుప తలుపు కిందికి దిగుతుంది. దానికి తాళంకప్ప వేసి, చేత్తో పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. ఊచల ఇవతల నడవలో నిలబడి ఇదంతా చేయడం నా పని. కీపర్ గోడకు అటువైపు ఆవరణ గుమ్మం దగ్గర నిలబడి "తాళం పడిందా?" అని అరుస్తుంది. "పడింది" అని నేను తిరిగి అరిస్తేనే ఆవరణలోకి శుభ్రం చేయడానికి వెళుతుంది. నేనున్న చోటు ఆవిడకు కనిపించదు. నా మాటే ఆవిడకు ఆధారం.

"చెయ్యి తాళం మీద లేనప్పుడు నోరు తెరవకు," అని మొదటిరోజే చెప్పింది. "నువ్వెంత మంచివాడివో నాకు అక్కర్లేదు. చెయ్యి ఎక్కడుందో అదే కావాలి."

టీ తాగేటప్పుడు ఒకసారి వాటి పుట్టుపూర్వోత్తరాలు అడిగాను.

"వీటి ముత్తాతలు సర్కస్‌తో ఓడలో వచ్చాయి. ఉత్తర ఆఫ్రికా రకం అంటారు, నిజమో కాదో మరి. అక్కడ అడవిలో ఒక్కటీ మిగల్లేదు. అన్నిటినీ కాల్చేశారు."

"మా బైబిలు లేఖనాల్లో చెప్పిన దేశంలో ఉంటాయి కదా? యొర్దాను పొదల్లో?"

ఆవిడ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. "అక్కడా లేవు మేట్. ఎప్పుడో పోయాయి. మీ ప్రవక్తను మళ్లీ గుహలో వెయ్యాలంటే సింహాలను ఇక్కణ్నుంచి పార్సిల్ చెయ్యాలి."

నాకు కోపం వచ్చింది. మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. సండే స్కూల్లో రంగు పెన్సిళ్లతో ప్రవక్తను పడేసినా సింహాలు ముట్టని ఆ గుహ బొమ్మ ఎన్నిసార్లు వేశానో! యొర్దాను అనగానే పొదలు, పొదల్లో సింహం నా కళ్లముందు ఉండేవి. ఆ రాత్రి లైబ్రరీ పుస్తకంలో వెతికితే ఆవిడ చెప్పిందే నిజమైంది. వాక్యంలో గర్జించే సింహాలన్నీ పోయి, గొర్రెల దేశంలో ఈ ఐదే కంచె వెనక మిగిలినట్టు, వాటికి కాపలా నన్ను పెట్టినట్టు అనిపించింది. కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ గర్వాన్ని మా తెలుగు సంఘం పెంచింది. ఆదివారం మధ్యాహ్నం అద్దె హాల్లో కూడుకునేవాళ్లం. వంటలు తెచ్చే ఆంటీ నన్ను చూడగానే, "ఏం నాయనా, సింహాలకు పెరుగన్నం అలవాటు చేశావా లేదా? కనీసం శుక్రవారం ఉపవాసమైనా నేర్పు," అనేది. పాస్టరు గారు మాత్రం వేదిక మీదనుంచే, "మన బ్రదర్ రోజూ సింహాల గుహలోకి వెళ్లి క్షేమంగా వస్తున్నాడు. నమ్ముతున్నారా?" అనేవారు. హాలంతా "ఆమెన్!"

మా దగ్గర ఆ జవాబుకు ఆలస్యం ఉండదు. ప్రశ్న సగంలో ఉండగానే ఆమెన్ వచ్చేస్తుంది. ఐదేళ్ల వయసునుంచీ అలాగే అన్నాను. బూందీ పొట్లం గురించి ఆలోచిస్తూ అన్నాను, నిద్రమత్తులో అన్నాను. అడగ్గానే గట్టిగా పలకడమే విశ్వాసం అనుకున్నాను.

ఆ శుక్రవారం నేను ఉపవాసంలో ఉన్నాను. వాయవ్యపు గాలి కప్పు రేకులను పీకేస్తోంది. అలాంటి గాలిలో సింహాలు ఒకచోట నిలవవు. ముసలి ఆడసింహాన్ని గదిలోకి పిలిచి గొలుసు వదిలాను. తలుపు దిగింది కానీ నేలకు ఆనలేదు. కింద ముందురోజు ఎద్దు తొడ ఎముక అడ్డుపడింది. నాలుగు వేళ్ల సందు. తాళంకప్ప తెరిచే వేలాడుతోంది. ఇనుప కడ్డీతో ఎముకను లోపలికి నెట్టాలని వంగాను. సరిగ్గా అప్పుడే గాలికి మాంసం బకెట్ పడి దొర్లుకుంటూ పోయింది. దాని వెనక పరిగెత్తాను.

బకెట్ చేతికి అందిన క్షణంలో గోడ అవతలనుంచి ఆవిడ కేక వినబడింది. "తాళం పడిందా?"

"పడింది!" అన్నాను.

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. ప్రశ్న వినబడింది, నోరు పలికింది. అంతే. తిరిగొస్తుంటే ఆవరణ గుమ్మం గడియ తీసిన చప్పుడు వినిపించింది. తలుపు వైపు చూశాను. దాని కిందనుంచి ఒక పంజా ఆవరణ వైపు చాచి ఉంది.

"అవుట్! అవుట్!" అని అరిచాను. ప్రమాదమైతే అరవాల్సిన మాట అదే. గాలి దాన్ని పొలాల మీదికి మోసుకుపోయింది. ఊచల్లోంచి తలుపు అంచు పట్టుకుని నా బరువంతా వేశాను. ఎముక కదల్లేదు. సింహం మెడ పెట్టి ఒక్కసారి ఎత్తింది. నేను వెల్లకిలా పడ్డాను. అది ఆవరణలోకి వెళ్లిపోయింది.

లేచి కంచె దగ్గరికి పరిగెత్తాను. కీపర్ ఆవరణ మధ్యలో, వీపు ఇటు తిప్పి పొడుగు కర్ర రేక్‌తో ఆకులు పోగు చేస్తోంది. సింహం ఆవిడకు పదిహేను అడుగుల దూరంలో ఆగింది. నేను మళ్లీ అరిచాను. ఈసారి విన్నది. మెల్లగా తిరిగింది. పరిగెత్తలేదు. రేక్‌ను రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, రోజూ పలకరించే గొంతుతోనే దానితో మాట్లాడుతూ ఒక్కో అడుగు వెనక్కి వేసింది. సింహం తల దించింది. తోక చివర మాత్రం ఆడుతోంది. ఆవిడ ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు వేస్తోంది. ప్రభువా, ప్రభువా అనడం తప్ప నాకు ఏ ప్రార్థనా రాలేదు. గుమ్మానికి ఇంకా ఆరు అడుగులుందనగా గాలికి ఎక్కడో కప్పు రేకు ఊడి పెద్ద శబ్దం చేసింది. సింహం అటు చూసింది. ఆవిడ బయటపడి గడియ వేసింది.

ఆవిడ గట్టు మీద కూర్చుని, గమ్‌బూట్లు విప్పి, మళ్లీ తొడుక్కుంది. అప్పుడు అడిగింది.

"నువ్వు లాగి చూశావు కదా?"

"చూశాను."

ఇది మాత్రం అబద్ధమే. ఆలోచించే చెప్పాను.

ఆవిడ తల ఊపింది. "ఆ పాత తాళంకప్ప మార్చాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నా. దానంతటదే ఊడి ఉంటుంది. తప్పు నాది." ప్రమాదం రిపోర్టు కాగితం మీద కూడా అలాగే రాసి సంతకం పెట్టింది. సాయంత్రం యజమాని వచ్చి చదివి, "సోమవారంనుంచి తాళాలు నాకిచ్చెయ్. నీకు వయసైపోయింది," అన్నాడు. ఆవిడ చెయ్యి నడుము దగ్గర గుత్తి మీదికి పోయింది.

అక్కడ నోరు తెరిస్తే నా ఉద్యోగం, దానితోపాటు వీసా పోతాయి. తెరవకపోతే ఆవిడ చేతిలోంచి సింహాలు పోతాయి. శనివారమంతా ఆవిడ ఒక్కో కంచె దగ్గర చాలాసేపు నిలబడింది. నేను బకెట్లు కడుగుతూనే ఉన్నాను.

శుక్రవారం భయంలో ఆంటీకి ఫోన్ చేసి, దేవుడు కాపాడాడని చెప్పాను. ఆదివారానికి సంగతి హాలంతా పాకింది. పాస్టరు గారు మైకు నా చేతికిచ్చారు. "సింహం నోరు మూయించిన దేవుని గురించి బ్రదర్ సాక్ష్యం చెబుతారు. దేవుడు నమ్మదగినవాడా?"

"ఆమెన్!"

అందరి ముఖాలూ నావైపే ఉన్నాయి. చెప్పమంటే చెప్పేయగలను. అలాంటి సాక్ష్యాలు వింటూనే పెరిగాను. కానీ ఆ ఆమెన్ చెవిన పడగానే నా "పడింది" నాకు మళ్లీ వినిపించింది. రెండూ ఒకే గొంతు.

"ఆవిడను దేవుడే కాపాడాడు," అన్నాను. "గుహ తలుపు తెరిచి పెట్టింది నేను. తాళం వెయ్యకుండా వేశానన్నాను. తర్వాత అడిగితే అబద్ధం చెప్పాను. తప్పు ఆవిడ మీద పడింది."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారు మైకు తీసుకుని గబగబా పాట ఎత్తుకున్నారు. తర్వాత పక్కకు పిలిచారు. "ఇదేంటి బ్రదర్? ఒప్పుకోలు వేరు, సాక్ష్యం వేరు. కొత్తవాళ్లు కూడా వచ్చారు."

ఆంటీ బిర్యానీ డబ్బా నా చేతిలో పెట్టింది. "ఇక్కడ చెప్పావు సరే. చెప్పాల్సిన చోట చెప్పావా?"

"లేదు ఆంటీ."

"మరి ఇక్కడేం చేస్తున్నావు? రేపు ఫస్ట్ ట్రైన్‌కే పో."

సోమవారం పొద్దున యజమాని ఆఫీసు తెరవకముందే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. చెప్పాను. కీపర్ అప్పుడే గుత్తి ఇవ్వడానికి వచ్చి నా వెనకే నిలబడి ఉంది. అంతా విన్నది. యజమాని చాలాసేపు తిట్టి, సింహాల వైపు అడుగుపెట్టొద్దన్నాడు. వేరే మనిషి దొరకలేదు కాబట్టి పొమ్మనలేదు, కంచెలు బాగుచేసే పనికి మార్చాడు. గుత్తి ఆవిడ నడుముకే ఉండిపోయింది.

ఆవిడ నాతో మాట్లాడలేదు. క్షమించమని అడిగితే ఒక్కటే అంది. "తాళం మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను ఒకప్పుడు. లాగి చూశావా అని అడిగితే చూశానన్నావు చూడు, అదే మింగుడుపడదు."

రెండో మనిషిగా యజమానే వచ్చి నిలబడేవాడు. రెండు నెలలకు అతని నడుం పట్టేసింది. ఆ పొద్దున ఆవిడ కంచె దగ్గరికి వచ్చి, సుత్తి కింద పెట్టమని చేత్తో సైగ చేసింది. నన్ను మళ్లీ రెండో మనిషిగా పెట్టుకోవడానికి యజమానితో మాట్లాడానంది.

ముసలి సింహాన్ని పిలిచాను. గొలుసు వదిలాను. తలుపు నేలకు ఆనింది. కొత్త తాళంకప్ప వేశాను.

"తాళం పడిందా?"

చెయ్యి దానిమీదే ఉంది. లాగాను. మళ్లీ లాగాను. వంగి తలుపు కింద వేళ్లు పెట్టి చూశాను. అవతల ఆవిడ కదలకుండా ఎదురుచూస్తోంది. మళ్లీ అడిగింది.

"ఒక్క నిమిషం," అన్నాను.