ఖఫ్జీలో నేను పెట్టని సంతకం

గల్ఫ్ యుద్ధం జరిగినన్ని రోజులూ మేం సౌదీలోని అల్ ఖోబర్‌లో, అజీజియా క్యాంపులో, కిటికీలకు టేపు అంటించుకుని కూర్చున్నాం. కువైట్ విముక్తమైన కొన్ని వారాలకే కంపెనీ మా వెల్డర్లను బస్సెక్కించి ఖఫ్జీకి పంపింది. సరిహద్దు ఊరు. గోడల నిండా గుండ్లు దిగిన బొక్కలు. ఉత్తరాన కువైట్ చమురు బావులు ఇంకా తగలబడుతూనే ఉన్నాయి. ఉతికి ఆరేసిన బనీను సాయంత్రానికి నల్లటి చుక్కలతో చేతికొచ్చేది.

మాది జగిత్యాల పక్క. బొంబాయిలో గేట్లూ గ్రిల్లులూ చేస్తూ నేర్చుకున్న వెల్డింగ్‌తో సౌదీ చేరినవాణ్ని. ఖఫ్జీలో మా పని గ్యాస్ లైను. దెబ్బతిన్న పాత పైపులు తీసేసి కొత్తవి అతకాలి. ప్రతి జాయింట్ పక్కనా అది చేసిన వెల్డరు నంబరు ఇనుప అచ్చుతో కొట్టాలి. తర్వాత ఎవరు చేశారో తెలియడానికి.

జాయింట్లు పరీక్ష చేసేవాడు రుమేనియా దేశస్థుడు. అరవైకి దగ్గరపడిన మనిషి. మాలో మేం బుడ్డా, అంటే ముసలాయన, అనుకునేవాళ్లం. మొదటి వారంలోనే నా జాయింటొకటి కోసేయమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తెలుగులో నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయనకు అర్థం కాకపోయినా కోపం తెలిసినట్టుంది. కోసిన ముక్కను నా చేతిలో పెట్టి, జేబులోంచి టార్చి తీసి ఇచ్చాడు. లోపలి అంచున సూది దూరేంత రంధ్రం. నోరు మూసుకుని మళ్లీ చేశాను.

ఆ తర్వాత టీ వేళకు పైపుల దొంతర నీడలో ఆయన పక్కనే కూర్చోవడం అలవాటైంది. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అంతంత మాత్రమే. అయినా మాటలు కుదిరేవి. రోజుకింత చొప్పున తన కథ చెప్పాడు.

“మా ఊరు నది ఒడ్డున. గోధుమ పొలాలు. ఒకరోజు రాజధాని నుంచి పార్టీవాళ్లు జీపుల్లో వచ్చారు. ఇక్కడ ఉక్కు కర్మాగారం వస్తుందన్నారు. మమ్మల్ని అడగలేదు, చెప్పారు. రైతులందరూ కార్మికులైపోయారు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండేది. మా నాన్న చెప్పుల్లేకుండా పెరిగాడు. నాకు బూట్లిచ్చారు, పనిచ్చారు, నాలుగో అంతస్తులో గదిచ్చారు.”

“మరి మంచిదే కదా?” అన్నాను.

“మంచిదే. తర్వాత ప్లాను వచ్చింది. ఐదేళ్ల పనిని నాలుగేళ్లలో చెయ్యాలన్నారు. అది అయిందని రాస్తే, ఇంకోదాన్ని మూడేళ్లలో చెయ్యమన్నారు. కొలిమి ఉక్కు ఇవ్వకపోయినా మేం కాగితాలిచ్చేవాళ్లం. కాగితాల మీద మా దేశం ఉక్కుతో నిండిపోయింది. రొట్టె కోసం మాత్రం మా ఆవిడ చలిలో వరసలో నిలబడేది.”

ఒకసారి దేశనాయకుడే కర్మాగారం చూడ్డానికి వస్తున్నాడట. కొత్త కొలిమి ఇంకా సిద్ధం కాలేదు. దానికి రంగులేసి, చిమ్నీ అడుగున నూనెలో ముంచిన గుడ్డలు కాల్చి పొగ లేపారట. నాయకుడు చప్పట్లు కొట్టి వెళ్లాడు. ఆ హడావుడిలోనే ఆవిరి లైను పరీక్ష నెగ్గిందని ఒక కాగితం రాశారు. పరీక్ష జరగనే లేదు.

“మూడు వారాలకు ఆ లైను పేలింది. నాకు వెల్డింగ్ నేర్పిన పెద్దాయన దాని ముందే నిలబడి ఉన్నాడు. ఆయన చేతి చర్మం గ్లవ్వుతో పాటు ఊడి వచ్చింది. పేపర్లో ఆయన సంగతి రాలేదు. ప్లాను గడువుకు ముందే పూర్తయిందని వచ్చింది.” తర్వాత అన్నాడు, “ఆ కాగితం మీద సంతకం నాది.”

“పెట్టనంటే ఏం చేసేవాళ్లు?”

“జైలేమో. తెలియదు. పెట్టకుండా ఎప్పుడూ ఉండి చూడలేదు కదా.”

ఆ మాట అంటూ ఆయన నా ముఖం చూడలేదు. అదంతా ఎక్కడో కమ్యూనిస్టు దేశంలో జరిగిన సంగతి, ఇక్కడ కంపెనీ, ఇక్కడ అలాంటివేం జరుగుతాయిలే అనుకున్నాను.

లైను పూర్తయింది. రియాద్ నుంచి పెద్ద ఆఫీసర్లు ప్రారంభానికి వస్తున్నారు. మూడు రోజుల ముందు పైపుల్లో నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, గేజి చూశాం. సూది నిలవాలి. నిలవలేదు, దిగింది. వెతగ్గా వెతగ్గా ఒక జాయింట్ కింద ఇసుక తడిసి కనిపించింది. పక్కనున్న నంబరు నాదే.

నీళ్లు తీసేసి, కోసి, మళ్లీ అతికి, మళ్లీ పరీక్ష చేయాలంటే నాలుగైదు రోజులు. అంత టైం లేదన్నాడు మేనేజరు. సూది నిలిచిందని రాయమన్నాడు. బుడ్డా రాయనన్నాడు. ఆ సాయంత్రమే ఆయన్ని ఆఫీసు పనుందని ఖోబర్‌కు పంపేశారు. ఇక కాగితం మీద ఫోర్‌మన్ సంతకం, వెల్డరు సంతకం చాలన్నారు.

ఫోర్‌మన్ పెషావర్ వాడు. చెడ్డవాడు కాదు. చూపు నేలమీద పెట్టి ఉర్దూలో చెప్పాడు: “సంతకం పెట్టు భాయ్. నీ తప్పు కూడా ఇక్కడితో కప్పబడిపోతుంది. పెట్టకపోతే నిన్ను ఖురూజ్ మీద ఇంటికి పంపించేస్తారు.” ఖురూజంటే ఆఖరి ప్రయాణం, మళ్లీ రావడానికి వీల్లేకుండా. పాస్‌పోర్టు ఎలాగూ కంపెనీ బీరువాలోనే ఉంది.

రూములో నిజామాబాద్ నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవాడు, ఫిట్టరు. వంట చేస్తూనే నాకు నచ్చజెప్పాడు.

“సైను కొట్టు తమ్మీ. ఆఫీసోడు రాయమన్నడు, నువ్వు రాసినవ్. పాపం వానిది.”

“జాయింట్ నాది గదనే.”

“ఇన్ని జాయింట్లల్ల ఒక్కటి. ఎవనికి గుర్తుంటది? ఇంటికి వొయ్యి ఏం జేస్తవ్? మల్ల బొంబాయిల గేట్లు జేస్తవా?”

“అన్నా, రేపటి సంది ఆ లైను పక్కన పంపు షెడ్డుల డ్యూటీ ఎవలకేసిండ్రు?”

ఆయన గరిటె తిప్పడం ఆపాడు. డ్యూటీ ఆయనకే వేశారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పొద్దున్నే మేనేజరు గదికి వెళ్లి పెట్టనన్నాను. “ఆ జాయింట్ ఎవరిదో తెలుసా?” అన్నాడు, నేను మరిచిపోయాననుకున్నట్టు.

“నాదే. అందుకే పెట్టను.”

ఇన్నేళ్లూ సంచి మోయమంటే మోశాను, ఎండలో నిలబడమంటే నిలబడ్డాను. ఇది మాత్రం నా చేత్తో చేసిన పని. దాని గురించి అబద్ధం చెప్పమనే హక్కు వాళ్లకు లేదనిపించింది.

నా సంతకం లేకుండానే ఎవరిచేతో ఒక గీత గీయించి కాగితం సిద్ధం చేశారు. మధ్యాహ్నం గ్యాస్ ప్లాంటు తరఫున ఒక సౌదీ ఇంజనీరు లైను చూడ్డానికి వచ్చాడు. మేనేజరు కాగితం చేతికిచ్చి పక్కనే నడుస్తున్నాడు. తడి ఇసుక మీద పొడి ఇసుక కప్పించారు. వాళ్లు ఆ జాయింట్ దాటబోతుంటే నేను ముందుకెళ్లి, సుద్దముక్కతో దాని చుట్టూ గుండ్రంగా గీశాను.

“హాదా ఖర్బాన్,” అన్నాను. ఇది చెడిపోయింది అని. నాకొచ్చిన అరబ్బీ అంతే.

ఎవరు చేశారని అడిగాడు.

“అనా,” అన్నాను. నేనే.

మేనేజరు నవ్వుతూ ఏదో చెప్పబోయాడు. ఇంజనీరు చెయ్యెత్తి ఆపి, బూటుతో ఇసుక పక్కకు తోశాడు. తర్వాత పంపు పెట్టమన్నాడు. వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు అందరం గేజి చుట్టూ నిలబడ్డాం. సాయంకాలపు అసర్ నమాజుకు పిలుపు వినిపించేసరికి సూది స్పష్టంగా దిగిపోయింది. ఇంజనీరు కాగితాన్ని రెండుగా మడిచి మేనేజరు జేబులో పెట్టాడు. ఒక్క మాటే అన్నాడు, కోసేయండని.

నేనే కోశాను. నేనే మళ్లీ అతికాను. ఎక్స్‌రే తీస్తే శుభ్రంగా వచ్చింది. ప్రారంభం వారం వెనక్కి పోయింది. నాకు మాత్రం నెల తిరక్కుండానే ఖురూజ్ కొట్టారు.

టికెట్ కోసం అజీజియా క్యాంపులో ఎదురుచూస్తుంటే బుడ్డా కనిపించాడు. ఆయన కాంట్రాక్టు కూడా తీసేశారు. జరిగింది అప్పటికే విన్నాడు. చేతిలో చెయ్యి వేసి చాలాసేపు వదల్లేదు.

“మీ ఉక్కు కర్మాగారం ఉందా?” అనడిగాను.

“నాయకుడు పోయాడు, సగం మూసేశారు. మిగతా సగం తుప్పు. పొలాలు మాత్రం తిరిగి రావు.” తర్వాత కళ్లు తుడుచుకుని నవ్వాడు. “పెట్టకపోతే ఏం చేస్తారని అడిగావు కదా. ఇప్పుడు నాకు నువ్వే చెప్పాలి.”

“ఇంటికి పంపుతరు సార్. అంతే,” అన్నాను.

ఒక్క సంచితో ఇంట్లో దిగేసరికి మా ఆవిడ పెరట్లో అన్నం వారుస్తోంది. లోపలికి వచ్చి నన్నూ సంచినీ మార్చి మార్చి చూసింది.

“తప్పు జేసినవా?”

“చేసిన. ఒక అతుకు చెడగొట్టిన. నాదే అని చెప్పినందుకు పంపిండ్రు.”

“కాళ్లు కడుక్కో,” అని పళ్లెం తెచ్చి పెట్టింది.