ఒంటి దారి

మా ఆయనకి ఫిట్స్ వస్తాయి. ఈ సంగతి ముందే చెప్పేయాలి. చెప్పకపోతే స్కాట్లాండ్‌లో ఒక దీవికి సెలవులకి వెళ్ళడానికి నేను చేసిన హడావిడి అంతా పిచ్చిదాని చేష్టలా కనిపిస్తుంది. చెప్పినా అలాగే కనిపిస్తుందేమో, కానివ్వండి.

మొదటిసారి వచ్చింది ఖతర్‌లో, మేముండే అల్ వుకైర్‌లో, మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో. కూరగాయల సంచులు డిక్కీలో పెడుతూ పెడుతూ పక్కకి ఒరిగిపోయాడు. నేను కేక పెట్టానో లేదో కూడా గుర్తు లేదు. జనం మూగారు. "చేతిల ఇనుము పెట్టున్రి, తాళాలు పెట్టున్రి" అని యూనిఫాంలో ఉన్న మన తెలుగాయనే ఎవరో అరిచాడు. కింద పడ్డ మా కారు తాళాలే తీసి ఆయన పిడికిట్లో కుక్కారు. ఇనుముతో ఫిట్స్ ఆగవమ్మా అని తరవాత డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. ఇక మీదట ఆయన కారు నడపకూడదని కూడా ఆవిడే చెప్పింది. మా ఆయన చేతికి కారు తాళాలు అందడం అదే ఆఖరు.

ఆయనది జగిత్యాల దగ్గర, నాది తెనాలి. ఆయన సైట్ ఇంజనీరు. ఎండలో, దుమ్ములో, నలుగురి మీద అరుస్తూ ఉంటేనే ఆయనకి అన్నం సయించేది. ఫిట్స్ మొదలయ్యాక కంపెనీ వాళ్ళు ఆఫీసు డ్యూటీ వేశారు. ఎత్తుల మీదకి ఎక్కనివ్వరు కదా. నేను డ్రైవింగ్ స్కూల్లో చేరి, ఫెయిలై, ఏడ్చి, మళ్ళీ ఫెయిలై, చివరికి లైసెన్సు తెచ్చుకున్నాను. రోజూ ఆయన్ని ఆఫీసు దగ్గర నేనే దింపుతాను. ఖతర్ రోడ్ల మీద నేను నేర్చుకున్న మొదటి పాఠం, వెనక తెల్లటి పెద్ద బండి లైట్లు టపటపా కొట్టిందంటే తప్పుకోమని అర్థం. ఎవరిది తప్పు, ఎవరిది రైటు అని ఆలోచించకూడదు, తప్పుకోవాలి అంతే.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. నేను చూస్తున్నంతసేపూ ఆయనకి ఫిట్స్ రావని నాకొక నమ్మకం. డాక్టరమ్మకి చెప్పలేదులెండి. కానీ చూస్తూనే ఉంటాను. ఆయన గడ్డం గీసుకుంటుంటే చూస్తాను, టీవీ చూస్తుంటే టీవీని కాదు, ఆయన్ని చూస్తాను. "ఎందుకట్ల బుగులు పడుతవ్? నేనేమన్న పాల గిన్నెనా పొంగిపోనీకి?" అంటాడు. భయాన్ని వాళ్ళ వైపు బుగులంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నాలో ఉన్న భయానికి ఆ మాటే సరిపోతుంది.

దీవి పిచ్చి ఆయనకి పాత బాసు అంటించాడు. రిటైరై స్కాట్లాండ్ వెళ్ళిపోయిన పెద్దాయన, ఫోటోలు పంపుతుంటాడు. తెల్లటి ఇసుక, పచ్చగడ్డి, గొర్రెలు. ఒక్క మనిషి ఉండడు. అదే అందమట! ఆ ఫోటోలు చూస్తే నాకు ఏసీలో కూడా చెమటలు పట్టేవి. "ఈసారి సెలవులకు గీడికే పోదాం" అన్నాడు. మా ఆడపడుచు జగిత్యాల నుంచి ఫోన్ చేసి, "దుబాయ్‌ల ఉన్నోళ్ళు సెలవులిస్తే ఇంటికి రావాలె గాని, గా దీవిల ఏం పని మీకు?" అంది. దుబాయ్ కాదు వదినా, ఖతర్ అని చెప్పడం నేనెప్పుడో మానేశాను. ఆ రోజు మాత్రం ఆవిడ నోట్లో చక్కెర పోయాలనిపించింది.

సరే, ఆయన మొండికేశాడు. ఎక్కడ ఉండాలో నేనే చూస్తానన్నాను. అందరూ అద్దె ఇళ్ళ ఫోటోల్లో సముద్రం కనిపిస్తోందా అని చూస్తారు. నేను మెట్లు చూశాను. పడకగది మేడ మీద ఉంటే వద్దు. బాత్‌టబ్ ఉంటే అసలే వద్దు, ఫిట్స్ వచ్చిన మనిషి మునగడానికి మోకాలి లోతు నీళ్ళు చాలు. గాజు టీపాయ్ వద్దు. చలి కాచుకోడానికి గదిలో పెట్టే, మంట బయటికి కనిపించే కట్టెల పొయ్యి వద్దు. తీరా చూస్తే ఆ దీవిలో పొయ్యి లేని కొంప లేదు. బాత్రూం గొళ్ళెం బయట నుంచి తీయొచ్చా అని ఒకావిడకి మెయిల్ పెట్టాను. ఆవిడ మళ్ళీ జవాబివ్వలేదు, ఏమనుకుందో మహాతల్లి.

చివరికి ఓడరేవు ఊళ్ళో ఒక హోటలు దొరికింది. కింద గది, షవరు మాత్రమే, ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు. కిటికీలోంచి పార్కింగ్ కనిపిస్తుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఫోన్‌లో ఆ గది చూసి పక్కన పెట్టాడు. "దవాఖాన పక్కన ఉండుడే పనైతే గింత దూరం ఎందుకు? దోహల ఉన్నది ఇంకా పెద్ద దవాఖాన" అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అరవలేదు.

ఆయనకి నచ్చింది దీవికి అవతలి కొసన, రోడ్డు ఆగిపోయేచోట ఉన్న ఒక చిన్న ఇల్లు. ఫోన్ సిగ్నల్ రాదని వాళ్ళే గొప్పగా రాసుకున్నారు. రెండు రోజులు కస్సుబుస్సులాడుకున్నాక ఒప్పందానికొచ్చాం. ముందు హోటలు, తరవాత ఆ ఇల్లు. కాకపోతే అక్కడ ఆయన నా కళ్ళకి కనపడేంత దూరంలోనే ఉండాలి. "సరే తల్లీ" అని చేతులు జోడించాడు.

తిరగడం ఎట్లాగన్నది ఇంకో గొడవ. అక్కడ బస్సు ఎప్పుడో గానీ రాదు, ఆదివారం అసలు రాదు. "సైకిళ్ళు కిరాయికి ఇస్తరంట" అన్నాడాయన, నా మొహం చూసి మళ్ళీ ఆ మాటెత్తలేదు. కారు తప్పదు, నడిపేది నేనే. అక్కడ ఎడమ పక్కన నడపాలి. ఇండియా దానివేగా, నీకేం అన్నారు తెలిసినవాళ్ళు. ఇండియాలో నేను స్కూటీ కూడా ముట్టుకోలేదు మొర్రో అంటే వినరే! నాకు తెలిసింది కుడి పక్కే. వెళ్ళేముందు వారం రోజులు కలలో ఎదురుగా లారీలు వచ్చాయి.

ఎడిన్‌బరోలో కారు అద్దెకి తీసుకుని, చచ్చీ చెడీ ఓడ దాకా చేరాం. ఓడ కడుపులో కారు పెట్టి ఇనప మెట్లెక్కి పైకి వెళ్ళాలి. ఎక్కినంతసేపూ వెనక నుంచి ఆయన కోటు పట్టుకునే ఉన్నాను. పైన గాలికి మనిషి కొట్టుకుపోయేలా ఉంది, రెయిలింగు చూస్తే నా నడుం ఎత్తు కూడా లేదు. "పిలగాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంటవేంది, అందరు చూస్తున్నరు" అన్నాడు. చూడనీ, నాకేం సిగ్గు? నేను వదల్లేదు.

హోటల్లో రోజులు బాగానే గడిచాయి, అంటే ఏమీ జరగలేదు. ఆ తరవాత ఆ చివరింటికి బయల్దేరాం. ఆ రోడ్డు ఉందే, ఒక్క కారు పట్టేంత వెడల్పు. రెండు వైపుల బండ్లూ అదే దారిలో రావాలి. అక్కడక్కడా పక్కకి కాస్త జాగా వదిలి, తెల్ల బోర్డు పాతారు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు ఆ జాగాలో ఆగాలి. పక్కన గడ్డిలా కనిపిస్తుంది గానీ కింద అంతా బురదనేల. తాళాలిచ్చిన ఇంటావిడ ఆ రోడ్డు గురించి, లైట్ల గురించి ఏదో చాలాసేపు చెప్పింది. ఆవిడ ఇంగ్లిషు నాకు ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను.

ఆ ఇంట్లో మూడో రోజు పొద్దున్న, దోహా నుంచి తెచ్చుకున్న రవ్వతో ఉప్మా చేస్తున్నాను. ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పోపు మాడుతోందని ఒక్కసారి పొయ్యి వైపు తిరిగాను. మళ్ళీ చూస్తే బల్ల ఖాళీ.

"ఏవండీ!" అని పిలిచాను. ఇల్లంతా చూసేసరికి ఎంతసేపు పడుతుంది, ఉన్నవే రెండు గదులు. ఫోను బల్ల మీదే ఉంది. ఇసుక దాకా పరిగెత్తాను. అడుగులు కనిపించాయి, తిన్నగా నీళ్ళ అంచుకి వెళ్ళి అక్కడ ఆగిపోయాయి. పోటు వస్తోంది. నేను మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వెళ్ళిపోయి, గంటో ఏమో, తెలియకుండానే అరుస్తూ ఉండిపోయాను. సముద్రం హోరులో నా గొంతు నాకే వినపడలేదు. దేవుడా, నేను ఒక్క క్షణం చూడలేదు, ఒక్క పోపు కోసం చూడలేదు అని పైకే అంటున్నాను.

సిగ్నల్ లేదు, చుట్టుపక్కల ఇల్లు లేదు. కారెక్కాను. ఎవరినైనా పిలుచుకు రావాలి, అది తప్ప నా బుర్రలో ఇంకేం లేదు. తడి చెప్పులు బ్రేకు మీద జారుతున్నాయి. కొండ మలుపు తిరిగేసరికి దూరంగా ఎర్రటి పోస్టు వ్యాను ఎదురొచ్చి, నన్ను చూసి ఆగి, లైట్లు కొట్టింది.

లైట్లు కొడితే నాకు తెలిసిందొక్కటే. తప్పుకోవాలి. రివర్సు వేశాను. అది నాకు మంచి రోడ్డు మీదే రాదు. కాస్త వెనక్కి పోయాను. వ్యాను కదల్లేదు, మళ్ళీ లైట్లు కొట్టింది. తప్పుకుంటున్నా కదమ్మా, చంపుతావా ఏంటి అని ఏడుస్తూ ఇంకా వెనక్కి పోయాను. ఎడమ చక్రం బురదలోకి దిగబడి, కారు ఓ పక్కకి ఒరిగి ఆగిపోయింది. స్టీరింగు మీద తల పెట్టి గట్టిగా ఏడ్చేశాను. నా మొగుడు సముద్రంలో ఉన్నాడు, నేను బురదలో ఉన్నాను.

అప్పుడు ఆ వ్యాను మెల్లగా దగ్గరికి వచ్చింది. పోస్టు పంచే పొడుగాటి ఆడమనిషి దిగింది. రెండో తలుపు తెరుచుకుని మా ఆయన దిగాడు.

"గామె నిన్ను రమ్మని లైట్ కొడుతున్నది. నువ్వెందుకు ఎనుకకు పోతున్నవ్?" అన్నాడు.

నేను దిగి, రెండు చేతులా ఆయన ఛాతీ మీద బాదాను. చెప్పా పెట్టకుండా ఎక్కడికి పోయారు, బుద్ధుందా, నన్ను చంపడానికే తెచ్చారా ఇక్కడికి అని తెలుగులో అరుస్తుంటే ఆ పోస్టావిడ పాపం మా ఇద్దరి వైపూ చూసి, పక్కకెళ్ళి తాడు తెచ్చుకుంది. నీళ్ళ వెంబడే కొండ చుట్టూ అవతలి ఇసుక దాకా నడిచి వెళ్ళాడట. తిరిగి వస్తుంటే ఆవిడ చూసి ఎక్కించుకుందట. తాడు కట్టి కారు బయటికి లాగి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా నేను తిడుతూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి టీ పెట్టిచ్చాను. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు. గ్లాసు కింద పెట్టి దవడ పట్టుకున్నాడు.

"నోరు తెరవండి" అన్నాను.

"ఏం లేదు, టీ కాలింది."

"నోరు తెరవండి!"

తెరిచాడు. నాలుక పక్కన కొరుక్కున్న గాటు ఉంది, పచ్చిగా. ఫిట్స్ వస్తే అట్లా కరుచుకుంటారు. నాకది చూస్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. వెనక్కి తిప్పి చూస్తే జుట్టులో ఇసుక, చొక్కా వెనకంతా ఇసుక.

"వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది."

"నీళ్ళ దగ్గరా?"

"కాదు, పైన, గడ్డి కాడ. కండ్లు తెరిసేసరికి ఒక గొర్రె నా దిక్కే చూస్తున్నది." నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, నా చెయ్యి పట్టుకున్నాడు. "చూడు. ఎప్పుడు లేసినా చుట్టూ మందే ఉంటరు. అందరి మొకాలు నా మీదికి వంగి ఉంటయి, అందరికన్న ముందు ఏడుస్తున్న నీ మొకం. ఇయ్యాల ఎవ్వలు లేరు. ఆకాశమే ఉన్నది. కొద్దిసేపు పండుకున్న. తర్వాత లేసిన." నా చెయ్యి ఇంకా గట్టిగా నొక్కాడు. "ఒక్కడ్నే లేసిన."

ఆ గొంతులో సంతోషం ఉంది. సైట్‌లో ఏదో పెద్ద పని ముగించి వచ్చిన రోజుల్లో ఉండే సంతోషం. ఈ మధ్య కాలంలో నేనది వినలేదు. వింటుంటే నాకు సముద్రం ఒడ్డున వేసినదానికంటే ఎక్కువ భయం వేసింది. ఇన్నాళ్ళూ నేను చూస్తుండబట్టే బతుకుతున్నాడనుకున్నాను. నేను చూడనప్పుడు వచ్చింది, పోయింది, మనిషి లేచి నడిచొచ్చాడు. ఇక ఈయన్ని నేను ఏమని ఆపను?

మరుసటి పొద్దున్న బూట్లు వేసుకున్నాడు.

"నేనూ వస్తాను" అన్నాను.

"వద్దు" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

"టాబ్లెట్ వేసుకున్నారా?"

"వేసుకున్న."

"నీళ్ళ పక్కకి పోకండి. పై దారినే వెళ్ళండి."

"పై దారినే పోత."

వెళ్ళాడు. కిటికీ దగ్గరికి వెళ్తే కొండ మలుపు దాకా కనిపిస్తాడని నాకు తెలుసు. కుర్చీ లాక్కుని గోడ వైపు తిప్పి వేసుకున్నాను. తలుపు చప్పుడయ్యేదాకా అట్లాగే కూర్చున్నాను.