నిమ్మకాయల మీద ఎగిరిన కారు

ఈ రోజు పొద్దున్న, కలకత్తాకి రెండు గంటల దూరంలో ఉన్న మా రైల్వే ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ గుడి ముందు మా అబ్బాయి కారుకు పూజ చేయించాం. కారు పాతదే. వాడికి స్పీడు బళ్లంటే పిచ్చి. ఇంజిన్ పవరు పెంచాక ఆటోమేటిక్ గేరుబాక్సు తట్టుకోలేకపోతోందని, దాన్ని విప్పించి లోపల గట్టి క్లచ్ ప్లేట్లు వేయించాడు. రేపు కోడల్ని ఎక్కించుకుని హైవే మీద కలకత్తా వెళ్లాలని వాడి ఉత్సాహం.

పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి పళ్లెంతో ఎదురుగా నిలబడి "మెల్లగా పోనీ బాబూ" అన్నారు. వాడు గేరు వేశాడు. కారు కదల్లేదు. కాస్త ఆగి, ఒక్కసారిగా ముందుకు ఎగిరింది. పంతులుగారు పళ్లెంతో సహా పక్కకు గెంతారు.

"ఏటి నాన్నా ఇది?" అన్నాను.

"కొత్త ప్లేట్లు కదమ్మా. నడిచేకొద్దీ వాటిని ఎప్పుడు, ఎంత పట్టాలో గేరుబాక్సు దానంతటదే నేర్చుకుంటాది."

"అది నేర్చుకునేదాకా ఎదురుగా ఎవరు నిలబడాలి నాయనా?" అన్నారు పంతులుగారు, పంచె దులుపుకుంటూ.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దేవుడికి మరోసారి దండం పెట్టుకున్నాను. మెకానిక్ దాదాకి, అదే ఆ ప్లేట్లు వేసిన అన్నకి, మళ్లీ చూపించరా అంటే, "కలకత్తా నుంచి వచ్చాక చూపిస్తాను" అంటాడు.

ఇందాక కోడలు వంటింట్లోకి వచ్చి, "అత్తమ్మా, రేపు కలకత్తా వెళ్లడానికి హౌరా లోకల్ రైలు ఎన్ని గంటలకి?" అని మెల్లగా అడిగింది. టైము చెప్పి, తనకీ మావాడికీ ఇద్దరికీ టికెట్లు తీయమన్నాను.

ఇలాంటి గేరుబాక్సు నిజంగా నేర్చుకుంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి. మావాడు నా మాట వినడు గానీ, మీ కామెంట్లు చదువుతాడు.