గుమ్మిలో జారవిడిచిన బిళ్ల

ఒక మనిషికి దొంగ అన్న పేరు నా వల్ల వచ్చింది. ఆ సంగతి ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని తిరిగాను. అన్నం తిన్నాను, పిల్లల్ని కన్నాను, నలుగురిలో నవ్వాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను రెండో భార్యగా వనపర్తి వచ్చాను. నాకు పదిహేడేళ్లు. మా ఆయన బడిలో పంతులు. మొదటి భార్య జ్వరంతో పోయింది, నాలుగేళ్ల మణెమ్మను వదిలి. మా వైపు ఒక ఆచారం ఉంది. అలా వచ్చినదాని మెడలో, పోయినామె పేరున చిన్న వెండి బిళ్ల కడతారు. సవతి బిళ్ల అంటారు. పొద్దున బొట్టు ముందు ఆ బిళ్లకు పెట్టి, తర్వాత నేను పెట్టుకోవాలి. కొత్త చీర ముందు దానికి తాకించి, తర్వాత కట్టుకోవాలి. మణెమ్మ ఆ బిళ్లనే అమ్మ అనేది. పడుకునేటప్పుడు నా మెడ దగ్గరికి జరిగి దాన్ని పిడికిట్లో పట్టుకునేది. నన్ను హత్తుకుందని మొదట్లో మురిసిపోయాను. అది నన్ను కాదని తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

మా ఆయనకు పాత వస్తువుల పిచ్చి. సెలవు దొరికితే కప్పున్న కచ్చడం బండి కట్టించి, మా అత్తను, మణెమ్మను, నన్ను ఎక్కించుకుని ఊళ్లు తిరిగేవాడు. జర్మన్ వెండి గిన్నెలు వెంట తీసుకెళ్లి, వాటికి బదులు జనం అటకల మీద పారేసిన కంచు, ఇత్తడి తెచ్చుకునేవాడు. ప్రతిదాన్నీ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. నా మాట అంత శ్రద్ధగా ఎప్పుడైనా విన్నాడా? ఈ ప్రశ్న అప్పట్లో రోజూ వేసుకునేదాన్ని.

ఆ రోజు పెద్దమందడి దాటి ఒక పల్లెకు పోయాం. బుచ్చమ్మ అనే కాపు ఇల్లాలు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. చల్ల ఇచ్చింది. మణెమ్మకు వేయించిన పల్లీలు ఒడిలో పోసింది. అటక మీద నుంచి నల్లబడిన కంచు తాంబాళం దించి ఇచ్చింది. మా ఆయన కొట్టి చూశాడు. అది చాలాసేపు మోగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగాడు. నా ముఖం చూడలేదు, మెడలో బిళ్లను చూశాడు. ఆమె ఉంటే ఎంత సంబరపడేదో అన్నాడు.

ఆయన మాటలో తప్పు లేదు. పోయిన భార్యను తలచుకోవడం నేరమా? కానీ ఆ మాట నాకు కాల్చినట్టు తగిలింది. ఇంకా ఏవో పాత దీపాలు ఉన్నాయి చూసి రమ్మని బుచ్చమ్మ నన్ను లోపలి గదికి పంపింది. అక్కడ నా ఎత్తు గుమ్మి, నిండా జొన్నలు. మూత పక్కకు జరిపి ఉంది. మెడలో బిళ్ల దారం ముడి విప్పబోతే రాలేదు. పళ్లతో కొరికాను. బిళ్లను దారంతో సహా జొన్నల్లోకి వదిలి, చేత్తో లోపలికి నెట్టాను. గింజలు జరిగి మూసుకున్నాయి. ఒక్క క్షణం నా మెడ నాదైనట్టు అనిపించింది. నిజం చెప్పాలి కదా, ఆ క్షణం హాయిగా ఉండింది.

కచ్చడం ఊరి పొలిమేర దాటకముందే మణెమ్మకు నిద్ర వచ్చింది. నా మెడ తడిమింది. అమ్మ ఏది అని అడిగింది. బండి వెనక్కి మళ్లింది. ఎక్కడ తీశావని మా అత్త నిలదీసింది. బావి దగ్గర కాళ్లు కడుక్కుంటూ తీసి రాయి మీద పెట్టానన్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బుచ్చమ్మ అక్కడే ఉండిందని కూడా అన్నాను.

మా అత్త దొంగ అని అరిచినా బుచ్చమ్మ ఏడవలేదు. రవికె లోపలి నుంచి తన దారం పైకి తీసింది. దానికి అరిగిపోయిన బిళ్ల వేలాడుతోంది.

"నలభై ఏండ్ల సంది నా మెడల గూడ సవతి ఉన్నది బిడ్డా. ఇంకొకామె సవతిని నేనేం జేసుకుంట?"

నేను తల దించుకున్నాను. దారి పొడవునా మణెమ్మ వెక్కుతూనే ఉంది. అమ్మకు మన ఇల్లు తెలుసా, నడిచి వస్తుందా అని అడుగుతూనే ఉంది.

మిరుగం కార్తె వానలకు ముందు బుచ్చమ్మే నడిచి వచ్చింది. గుమ్మి ఖాళీ చేసి అలుకుతుంటే అడుగున దొరికిందని, చెంగు ముడి విప్పి బిళ్లను మా అత్త చేతిలో పెట్టింది. మా అత్త ఆమెను కూర్చోమనలేదు. తీసుకుని, భయపడి తెచ్చి ఇచ్చిందని లోపలికి వినబడేలా అంది. మా ఆయన పుస్తకంలోంచి తల ఎత్తలేదు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరుకుతుందా? నోరు రాలేదు. బుచ్చమ్మ పోతూ నా దగ్గర ఆగింది. నాకు మాత్రమే వినబడేలా అంది.

"కొత్త దారం కట్టుకో బిడ్డా. పాతది పండ్లతోని కొరికినట్టున్నది."

ఆమెకు తెలుసు. తెలిసీ అంత ఎండలో నడిచి వచ్చింది. దొంగ అనిపించుకుని, మారుమాట లేకుండా తిరిగి పోయింది. నన్ను బయటపెట్టడానికి ఆమెకు ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? జాలా? నా వయసులో తనకూ ఎప్పుడైనా అలా అనిపించిందా? అడగడానికి నేను మళ్లీ ఆ పల్లెకు పోలేదు. ఆమె పోయిందని ఎవరో చెప్తే, వంటింట్లోకి పోయి పొయ్యి ఊదుతూ ఏడ్చాను. పొగ అనుకున్నారు.

మా ఆయన పోయాక పుస్తెలతో పాటు బిళ్ల కూడా తీసేశాను. మణెమ్మ దాన్ని తన దేవుని గూట్లో పెట్టుకుంది. ఇప్పుడు తనకూ మనవరాళ్లు. దీపం పెట్టినప్పుడల్లా వాళ్లకు ఆ కథ చెప్తుంది, మందడి దొంగ మా అమ్మను ఎత్తుకుపోయి మళ్లీ తెచ్చి ఇచ్చిందని. పిల్లలు భయంగా వింటారు. నేను పక్క గదిలో వత్తులు చేసుకుంటూ వింటాను. మణెమ్మ నన్ను ప్రాణంగా చూసుకుంటుంది. ఆ ప్రేమ పోతుందన్న భయంతోనే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను, ఇంకో కారణం వెతికితే అది అబద్ధం.

ఈ కాగితం మణెమ్మ చేతిలో పెట్టే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. బుచ్చమ్మ క్షమించిందని అనుకునే హక్కూ లేదు. ఒక్క చోటైనా ఉన్నది ఉన్నట్టు రాసి ఉండాలనిపించింది. ఇక్కడ రాస్తున్నాను. బుచ్చమ్మ దొంగ కాదు. దారం కొరికింది నేను.